లక్ష్ముడి బాలింత పథ్యం

లక్ష్ముడికి మూత్రపిండం ఒకటి తీసేశారు. రాళ్ళు పడి, లోపలే కుళ్ళిపోయి, ఇక పనికిరాదని తేలాక విశాఖపట్నం పెద్దాసుపత్రిలో కోసి తీసి, నడుము పక్కన జానెడు కుట్టు వేసి ఇంటికి పంపించారు. రెండోది బాగానే ఉందన్నారు. అంతవరకూ అమ్మడికి అర్థమైంది. ఆ తర్వాత ఒక్కటీ అర్థం కాలేదు.

అమ్మడు లక్ష్ముడికి అప్ప, వాడికంటే ఎనిమిదేళ్ళు పెద్ద. పురిట్లోనే తల్లి పోతే ఆ పసివాణ్ణి చంకనేసుకుని పెంచింది. ఇప్పుడు తన మొగుణ్ణీ పిల్లల్నీ ఎచ్చెర్లలో వదిలేసి, శ్రీకూర్మం పక్కనున్న కన్నవారింటికి వచ్చి తమ్ముడి మంచం పక్కనే కూర్చుంది. ఆ ఇంట్లో పెత్తనం మేనత్త దాలమ్మది. చిన్నవయసులోనే మొగుడు పోయి పుట్టింటికి చేరిన మనిషి. చుట్టుపక్కల ఏ ఇంట్లో పురుడొచ్చినా మొదటి కబురు ఆవిడకే. ఆవిడ చేతిమీదుగా లేచి తిరిగిన బాలింతలు ఊరంతా ఉన్నారు కాబట్టి ఆవిడ మాటకు ఎదురు చెప్పే నోరు ఆ ఊళ్ళో లేదు.

దాలమ్మ మేనల్లుడి కుట్టు చూసింది, వేలితో చుట్టూ నొక్కింది, తేల్చేసింది.

"పచ్చి ఒళ్ళు. బాలింత ఒంటికీ దీనికీ తేడా ఏటున్నాది?"

అంతే. మీసాలున్న మగాడు బాలింత అయి కూర్చున్నాడు. తలకు గుడ్డ, చెవుల్లో దూది, మంచం కింద నిప్పుల కుంపటి. పొద్దున్నే పిప్పళ్ళూ మిరియాలూ బెల్లంతో దంచి కట్టిన కాయం ఉండ. వేడన్నంలోకి వెల్లుల్లి కారం, నువ్వులనూనె. ఇదంతా నడివేసవిలో. నీళ్ళు మాత్రం చుక్క లేదు. పచ్చి ఒంట్లో నీళ్ళు పడితే కుట్టు చీము పడుతుందనీ, సన్నిపాతం కమ్ముతుందనీ దాలమ్మ శాస్త్రం. గుడ్డ తడిపి పెదాలు తుడవాలి, అంతకు మించి కూడదు.

వీధి కుర్రాళ్ళు గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏటి లక్ష్ముడూ, ఆడపిల్లా, మగపిల్లాడా?" అనేవారు. వాడు నవ్వబోయేవాడు, కుట్టు లాగి మానుకునేవాడు.

అమ్మడికి నవ్వు రాలేదు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు తన మొహంలోకి చూసి మరీ చెప్పాడు: "నీళ్ళు బాగా తాగించమ్మా. మిగిలింది ఒక్కటే, దాన్ని ఎండబెట్టకు." సరే, బాగుంది. కానీ నిరుడు వీడి ఒళ్ళు ఉబ్బినప్పుడు శ్రీకాకుళం డాక్టరు నీళ్ళు తగ్గించమన్నాడు, ఉప్పు ముట్టనివ్వద్దన్నాడు. ఆయనా డాక్టరే, ఈయనా డాక్టరే. అత్త సంగతి సరేసరి. ముగ్గురూ తెలిసినవాళ్ళే. తెలియనిది తనొక్కతికే, చెంబు పట్టుకోవలసిన చెయ్యేమో తనది. ఇదెక్కడి న్యాయమో కథ చెప్పే నాకూ తెలియదు.

బడి పంతులు గణపతిరావు చూడ్డానికి వచ్చినప్పుడు ఆమెకు కాస్త ఆశ కలిగింది. పేపరు చదివే మనిషి కదా. ఆయన కుర్చీలో కూర్చుని, పై దేశాల్లో ఒకరి మూత్రపిండం తీసి ఇంకొకరికి అతికిస్తున్నారనీ, ఈమధ్య గుండెకాయ కూడా మార్చేశారనీ చెప్పాడు.

"అలగయితే నాది ఆడికిచ్చీమంటారా మేష్టారూ? నాకు రెండున్నాయి కదా" అంది అమ్మడు. అడిగేముందు ఆలోచించనైనా లేదు.

"మనకాడ ఇంకా అంతదూరం రానేదమ్మా. అయినా ఆడికి ఒకటి బాగానే ఉన్నాది కదా. సరిగా సూసుకుంటే సాలు."

"సరిగా అంటే? నీళ్ళు ఇచ్చా, ఇవ్వకా?"

మేష్టారు వంటింటి వైపు చూశాడు. లోపల దాలమ్మ రోకలి చప్పుడు వినిపిస్తోంది. "మీ అత్తనడుగు" అని కండువా సర్దుకుని లేచి వెళ్ళిపోయాడు.

తన ఒంట్లో కాయ కోసి ఇచ్చేయడానికి సిద్ధపడ్డ మనిషికి గ్లాసుడు నీళ్ళివ్వడానికి చేతులు రాలేదు. కారణం అత్త ఒక్కతే కాదు. తల్లి పోయినరోజు, ఆమెకీ ఇదే పథ్యం నడుస్తుండగా, దాలమ్మ బట్టల మూట పట్టుకుని గెడ్డ నీళ్ళలో ఉతకడానికి వెళ్ళింది. ఇంట్లో ఎవరూ లేరు. మంచం మీద తల్లి మాట్లాడలేక నాలుక బయటపెట్టి చూపించింది. ఎండిపోయి తెల్లగా ఉంది. ఎనిమిదేళ్ళ అమ్మడు చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. సాయంత్రానికి తల్లి లేదు. ఎవరో గాలి సోకిందన్నారు, ఎవరో దిష్టి అన్నారు. అమ్మడు ఏమీ అనలేదు. మొగుడితో కూడా ఇంతవరకూ అనలేదు.

ఆ మధ్యాహ్నం లక్ష్ముడు గోడవైపు తిరిగి పడుకునే పిలిచాడు.

"అప్పా, ఒంటేలు రావట్నేదే. నిన్న కూడా ఏదో కాస్త, ఎర్రగా వచ్చినాది."

"ఎందుకు సెప్పలేదురా?"

"సెప్తే నువ్వేటి సేస్తావు? అత్తేటి సెప్తే అదే కదా." వాడు ఇటు తిరిగి, దాహం మాట చెప్పడానికి ఓపిక లేక నాలుక బయటపెట్టాడు.

అదే నాలుక. ఇస్తే అమ్మలాగే పోతాడేమో, ఇవ్వకపోతే ఆ మిగిలిన ఒక్కటీ ఎండిపోతుందేమో. ఏది నిజమో చెప్పేవాళ్ళు లేరు. అమ్మడు లేచి కుండ దగ్గరికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చివరికి చెంబు ముంచి పట్టుకొచ్చేసరికి గుమ్మంలో దాలమ్మ నిలబడి ఉంది.

"ఏటే అది?"

"నీళ్ళు."

"ఆడ్ని సంపీస్తావేటే?"

"సంపుతన్నానో బతికిస్తన్నానో నాకు తెల్డం నేదత్తా." అమ్మడు చెంబు దించలేదు. "అమ్మకీ నానే ఇచ్చినాను."

దాలమ్మ చెంబు కోసం చెయ్యి చాచింది.

"నువ్వు గెడ్డకెళ్ళినప్పుడు. సెంబుడూ తాగినాది. సాయంత్రానికి పోనాది. అందుకే నాకు సెయ్యి రాడం నేదు."

దాలమ్మ గడప మీద కూలబడింది. వేళ్ళకి కాయం పిండి అంటుకునే ఉంది.

"తాగినాదా?"

"తాగినాది."

"సెంబుడూ?"

"సెంబుడూ. తాగీసి, నా తల నిమిరినాది."

"నన్నడిగినాదే. తెల్లారినకాడ్నించీ అడుగుతానే ఉన్నాది. గుడ్డ తడిపి మూతి తుడిసి ఎల్లిపోనాను. వదిన్ని దాహంతో పంపించీసినాననుకున్నాను ఇన్నాళ్ళూ." దాలమ్మ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

అమ్మడికి ఏం చెయ్యాలో తోచలేదు. తిడుతుందనుకున్న మనిషి ఏడుస్తోంది. తను చేసింది తప్పో ఒప్పో ఇప్పుడూ తెలియలేదు. దాలమ్మ లేచి ఆమె చేతిలోంచి చెంబు లాక్కుంది. పారబోస్తుందనుకుంది అమ్మడు. దాలమ్మ మంచం దగ్గరికి వెళ్ళి, మేనల్లుడి తలగుడ్డ విప్పి, మెడకింద చెయ్యివేసి లేపింది.

"తాగరా."

వాడు అత్త మొహమూ అప్ప మొహమూ చూశాడు. తర్వాత చెంబు ఖాళీ అయ్యేదాకా ఎవరి మొహమూ చూడలేదు. దాలమ్మ మళ్ళీ ముంచుకొచ్చింది. పొద్దు వాలేదాకా ఆ చెంబు కుండకీ మంచానికీ తిరుగుతూనే ఉంది.

"అత్తా, మరి అమ్మ దేనికి పోనాది?" అంది అమ్మడు.

ప్రతిదానికీ జవాబున్న దాలమ్మ కుంపటిలో బూడిద కెలికింది. "నాకు తెల్దే" అంది.

గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళిన లక్ష్ముడి గొంతు వినిపించింది. "అప్పా, వచ్చినాది. బాగా వస్తన్నాది."

దాలమ్మ చెంబు పట్టుకుని మళ్ళీ కుండ దగ్గరికి లేచింది.