వడ్డించిన కంచం ముందు

ఈస్టర్ ఆదివారం మధ్యాహ్నం దేశ రాజధానిలో సాకేత్ దగ్గరి ఆ క్వార్టర్లో ఉన్నది ఐదుగురు: రంగనాథ్ బాబాయి, కమలాకుమారి పిన్ని, వాళ్ళమ్మాయి దీపు, పదో తరగతి పరీక్షలు రాసి తెనాలి పక్క పల్లె నుంచి పిన్ని దగ్గర చదువుకోడానికి వచ్చిన కిరణ్మయి, పిలవకుండా వచ్చిన బసవపున్నయ్య.

బసవపున్నయ్యది బాబాయి ఆఫీసే. దారినే పోతూ వచ్చానన్నాడు. గుర్గావ్‌లో ఉండే మనిషికి ఈ సందు ఏ దారిలో తగిలిందో పిన్నికి అంతుపట్టలేదు. అందులోనూ ఇవాళే.

కాగితాల మీద బాబాయి హిందువు. ఆ ఎస్సీ సర్టిఫికెట్ మీదే గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది; క్రైస్తవుడైతే అది చెల్లదు. చర్చికి పోతాడని గిట్టనివాడొకడు అర్జీ పెట్టినా చాలు, ఉద్యోగం ఊడుతుంది. అందుకే హాల్లో వెంకటేశ్వరస్వామి పటం. పొద్దున పునరుత్థాన కీర్తన కూడా కిటికీలు మూసుకుని గుసగుసగా పాడుకున్నారు. ఊళ్ళో అయితే ముందురోజే సమాధులకు సున్నం కొట్టి, తెల్లారకముందే కొవ్వొత్తులు వెలిగించి, డప్పులతో వీధులన్నీ తిరిగేవాళ్ళు. అమ్మమ్మ సమాధి మీద పూలు పెట్టడం కిరణ్మయి వంతు. ఈసారి ఎవరు పెట్టారో.

ఎవరడిగినా దీపు పుట్టినరోజని చెప్పమనీ, అంతకుమించి నోరే తెరవొద్దనీ పిన్ని ముందే చెప్పింది. నోరు తెరవకపోవడం కిరణ్మయికి కష్టమేమీ కాదు.

బసవపున్నయ్య కళ్ళు ఇల్లంతా తడిమాయి. "కోడి పలావు, సేమ్యా పాయసం! ఏంటి చెల్లెమ్మా విశేషం?"

దీపు పుట్టినరోజంది పిన్ని. "మేరా బర్త్‌డే తో..." అంటూ, తన పుట్టినరోజు ఇవాళ కాదని దీపు హిందీలో చెప్పబోతే బాబాయి గట్టిగా దగ్గాడు.

"మరి కేకేదీ?" అని నవ్వుతూ భోజనానికి కూర్చున్నాడు బసవపున్నయ్య.

కిరణ్మయి వడ్డించింది. అతను ముద్ద కలపలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, తల వంచి కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు. వచ్చిన మనిషి తినకపోతే బాబాయి కూడా ఆగాడు. వడ్డించిన కంచం ముందు పెద్దవాళ్ళు అలా ఆగారంటే దేనికోసమో కిరణ్మయికి పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కటే తెలుసు. ఈయన కూడా మనవాళ్ళేనన్నమాట! ఆ సంతోషంలో భయం మరిచిపోయింది. ఊళ్ళో వాళ్ళింట్లో భోజన ప్రార్థన ఎప్పుడూ తనదే. కళ్ళు మూసుకుంది.

"పరలోకమందున్న తండ్రీ, ఈ ఆహారాన్ని దీవించు. బాబాయి ఉద్యోగాన్ని కాపాడు ప్రభువా, ఆమెన్."

కళ్ళు తెరిచేసరికి పిన్ని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నేను చెంచా కోసం చూస్తున్నానమ్మా," అన్నాడు బసవపున్నయ్య మెల్లగా. నిజంగా చెంచా కోసమేనా, కావాలనే ఆగాడా, ఆ మొహం చూసి చెప్పడం ఎవరి తరమూ కాలేదు. "ప్రార్థన బాగా చేశావు. ఏ చర్చిలో నేర్పారు? మీ బాబాయి కూడా వస్తుంటాడా?"

కిరణ్మయి బాబాయి వంక చూసింది. బాబాయి తల ఎత్తలేదు. పిన్ని వచ్చి ఆమె రెక్క పట్టుకుని లోపలి గదిలోకి నెట్టింది.

"పల్లెటూరి పిల్ల, బళ్ళో ఏదో నేర్చుకుంది అన్నయ్యగారూ," అంటూనే తలుపు మూసేసింది.