నలభై మూడో పేరు

అనస్తసో పొడవాటి చెక్క పారను వెనక్కి లాగి, కళ్ళలో పడ్డ బూడిదను భుజంతో తుడుచుకుంది. రాత్రి కాల్చి చల్లార్చిన రొట్టెలను వేలి మందాన కోసి, ఒకదానికొకటి తగలకుండా మళ్ళీ పొయ్యిలో పేరుస్తోంది. లోపలి తడి పూర్తిగా ఇగిరి, రాయిలా గట్టిపడితే తప్ప ఆ రొట్టె ఓడ ఎక్కదు. ఆమెకు ఏభై దాటాయి. మనిషి పొట్టి. భుజాలు మాత్రం తెడ్డు వేసేవాళ్ళ భుజాల్లా ఉంటాయి. వేడికి ముంజేతుల మీది వెంట్రుకలు ఎన్నడో కాలిపోయి, చర్మం తోలులా మెరుస్తుంది.

"మీ కిబిరా వాళ్ళది భలే అదృష్టం వదినా," అంది పక్కన పిండి పిసుకుతున్న డొమ్నా. "నౌకా మండలానికంతటికీ మీ ఊరి పేరే పెట్టారు. అధిపతిగారి కాపురం మాత్రం మా అత్తాలియాలో."

"పేరు కూడా మీరే ఉంచుకోండి. పడవలెక్కి పోయినవాళ్ళని మాకు తిరిగిచ్చెయ్యండి, చాలు."

డొమ్నా నవ్వబోయి మానుకుంది.

కిబిరా అంత గొప్ప ఊరేమీ కాదు. పూర్వం అక్కడివాళ్ళు ఏ చక్రవర్తికో ఎదురు మాట్లాడితే, వెక్కిరింతగా మండలానికి ఆ పేరు తగిలించారని చెప్పుకుంటారు. ఆ ఊళ్ళో ప్రతి ఇల్లూ ఓడ పనికి ఒక మనిషిని ఇవ్వాల్సిందే. అనస్తసో ఇంటి నుంచి భర్త త్రిఫోన్ వెళ్ళాడు.

పదకొండేళ్ళ కిందట, అరబ్బుల చేతిలో ఉన్న క్రీటు మీద దాడి చేసి తిరిగొస్తూ, సిసినియోస్ అనే నాయకుడి యుద్ధనౌక మంచినీళ్ళ కోసం ఆ దీవి ఒడ్డునే ఆగింది. కొందరు కుండలు పట్టుకుని దిగారు. అంతలో కొండకొమ్ము చాటు నుంచి అరబ్బుల తెరచాపలు కనబడ్డాయి. సిసినియోస్ లంగరు తాడు నరికించి, దిగినవాళ్ళను దిగినచోటే వదిలేసి వచ్చేశాడు. గాలివానకు తాడు తెగిందని ఓడలో ఉన్నవాళ్ళందరి చేతా చెప్పించాడు. ఓడను దక్కించుకొచ్చినందుకు అధిపతి అతనికి నిమ్మతోట ఉన్న పొలం రాసిచ్చాడు. ఏడాది తరవాత ఒక తెడ్డువాడు తాగిన మైకంలో అనస్తసో దగ్గర నోరు జారాడు. తాడు తెగలేదు, నరికారన్నాడు. నలభై ముగ్గురు తక్కువగా తిరిగొచ్చామన్నాడు.

ఆమె అధిపతి కచేరీ ముందు మూడు రోజులు కూర్చుంది. మూడో రోజు గుమస్తా బయటికొచ్చి, "గాలివాన మీద ఫిర్యాదు తీసుకోవడం కుదరదమ్మా," అని లోపలికి పోయాడు. ఆ వేసవంతా ఆమె తీరం వెంట ఊరూరా తిరిగి, ఒక్కో గుమ్మం ముందూ నిలబడి పేర్లు పోగుచేసింది. చదువు రాదు గనక కంఠతా పట్టింది. రెండుసార్లు అరబ్బులతో ఖైదీల మార్పిడి జరిగింది. ఆ నలభై ముగ్గురిలో ఒక్కడూ రాలేదు. తాను విధవరాలో కాదో చెప్పమంటే చర్చి పూజారి కూడా చెప్పలేకపోయాడు.

తరవాత సిసినియోస్‌కు పక్షవాతం వచ్చింది. పిల్లల్లేరు. పొలాన్ని కొండమీది మఠానికి రాసిచ్చి, అక్కడి రోగుల గదిలో పడ్డాడు. అది విన్న రోజే అనస్తసో మఠానికి వెళ్ళి, రోజూ ఆయనకు రొట్టె తెచ్చి తినిపిస్తానంది. ఊరికే చేస్తానంది. సన్యాసులు ఆమె పుణ్యబుద్ధిని మెచ్చుకున్నారు. అప్పటికీ ఇప్పటికీ రెండేళ్ళు.

మధ్యాహ్నం నాలుగు ముక్కలు గుడ్డలో కట్టుకుని ఆమె కొండెక్కింది. రోగుల్ని చూసే మమాస్ అనే కుర్ర సన్యాసి గుమ్మంలో ఎదురొచ్చాడు.

"పొద్దుట్నుంచీ ఊపిరి ఎగబీలుస్తున్నాడక్కా. గురువుగారిని పిలుచుకొస్తాను. నువ్వు దగ్గరుండు."

ముసలాయన ముఖం కుడిసగం కిందికి జారిపోయి ఉంది. పెదవుల వెనక పళ్ళు లేవు. నానబెడితే తప్ప ఆ రొట్టె ఆయన నోట కరగదు. రోజూ ఆమె చేసే పని ఒకటే. రొట్టెను గిన్నెలో పెడుతుంది. నీళ్ళ కూజా చేత పట్టుకుంటుంది. ఒక పేరు, ఊరు, ఇంటి ఆనవాలు చెబుతుంది. ఆ పేరు ఆయన చెవిలోకి దిగిందని నమ్మకం కుదిరాకే నీళ్ళు పోస్తుంది. నలభై మూడు రోజులకు పేర్లన్నీ అయిపోతే మళ్ళీ మొదలు పెడుతుంది. ఈ రెండేళ్ళలో ఆయన ఒక్కసారీ బదులివ్వలేదు.

"ఇవాళ మావాడి వంతు నాయకుడుగారూ," అంది. "కిబిరా. వలల బజారు వెనక ఇల్లు. త్రిఫోన్."

ముసలాయన ఎడమ కన్ను ఆమె వైపు తిరిగింది.

"వాడు దిగలేదు," అన్నాడు.

మాట ముద్దగా వచ్చినా స్పష్టంగానే ఉంది.

"ఏమిటీ?"

"నీళ్ళకి దిగినవాళ్ళు నలభై ఇద్దరే. నీ మొగుడు ఓడలోనే, తెడ్డు బల్ల మీదే ఉన్నాడు. తాడు నరకగానే దూకేశాడు. ఒడ్డున వాళ్ళ ఊరివాళ్ళున్నారని. ఆగరా అని అరిచాను. ఈదుకుంటూ వెనక్కిపోయాడు." ఊపిరి తీసుకున్నాడు. "వాణ్ణి నేను వదల్లేదు. నిన్ను వాడే వదిలాడు."

ఆమె చేతిలో కూజా కదల్లేదు.

"రెండేళ్ళ నుంచీ పేరు చెబుతున్నాను. ఇవాళ దొరికిందా ఈ కథ?"

"ముందే చెబితే నువ్వు రావడం మానేస్తావు. వచ్చేది నువ్వొక్కదానివేగా." ఆయన మూతి ఒక పక్కకే వంకరపోయింది. అది నవ్వని ఆమెకు అర్థమైంది. "ఇంక వచ్చినా రాకున్నా ఒకటే. తీసుకో. ఇన్ని పేర్లకీ నేనిచ్చే జవాబు ఇదొక్కటే."

"అబద్ధం."

"నీళ్ళు పొయ్యి."

"అబద్ధమని ఒప్పుకో, పోస్తాను."

ఆయన ఒప్పుకోలేదు. ఇంకోసారి నీళ్ళడిగాడు. ఆమె కూజాను ఒళ్ళోకి తీసుకుని, రెండు చేతులూ చుట్టి కూర్చుంది. క్రీటు ఒడ్డున నలభై ముగ్గురూ ఎండలో ఇలాగే నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉంటారనుకుంది. ముసలాయన నాలుక పెదవి మీదికొచ్చి వెనక్కి పోయింది. మళ్ళీ రాలేదు. గిన్నెలో రొట్టె పొడిగానే ఉంది. ఆయన ఊపిరి ఎప్పుడు ఆగిందో, అంత దగ్గరగా కూర్చున్న ఆమెకే సరిగ్గా తెలియలేదు.

మమాస్ గురువుగారితో వచ్చేసరికి చేయడానికేం మిగల్లేదు. గురువుగారు ప్రార్థన చదువుతుంటే, కప్పడానికి మంచి బట్ట ఏదన్నా ఉందేమోనని మమాస్ మంచం కింది పెట్టెను లాగాడు. పైన ఒక పాత అంగీ ఉంది. దాని అడుగున గోనెగుడ్డలో చుట్టినదేదో ఉంటే విప్పి, లోపలున్న తోలు చెప్పుల జతను నేల మీద పెట్టాడు.

"ఈయనవి కావే ఇవి, పాదానికి చిన్నవి," అన్నాడు. "నీకేమన్నా తెలుసా అక్కా?"

అనస్తసో కూజాను కింద పెట్టింది. వంగి చూసింది. ఎడమ చెప్పు మడమ దగ్గర, తెరచాప దారంతో అడ్డదిడ్డంగా వేసిన ఏడు కుట్లు. అవి తాను వేసిన కుట్లే. ఓడ బయల్దేరే పొద్దున, తొందరలో, వీధి అరుగు మీద కూర్చుని వేసింది.

"తెలీదు," అంది.

ఉప్పునీటికి తెల్లబారిన ఆ చెప్పుల్లో ఎడమదాని ముడి విప్పి ఉంది. దూకే తొందరలో విప్పే తీరిక లేక కాబోలు, కుడిదాని తోలు పట్టీ కత్తితో కోసేసి ఉంది.