దవడ దొరికిన జాగ

"గా బొక్కల దిక్కు గట్ల జూసుడు బంద్ వెట్టి చాయ్ తేపో" అన్నాడు రాకేష్ పెళ్లాంతో, వచ్చినామె ముందే.

యమున వాకిట్లో ఆరబోసిన పసుపు కొమ్ములు తిరగేయడం ఆపి లేచింది. అరుగు మీద రాయిగా మారిన పురాతన ఏనుగు దవడ. దాని ముందు పట్నం మ్యూజియం నుంచి వచ్చిన ఫిర్దోస్ మేడమ్. చేతిలో చీటీ. 'కనుగొన్నవారు: రాకేష్' అని పెన్సిల్‌తో అప్పుడే రాసేసింది.

చాయ్ మరుగుతుంటే యమున లోపల అంతకన్నా ఎక్కువ మరుగుతోంది. నందిపేట్ దిక్కు తల్లిగారింటికి పోయినప్పుడు, గోదావరి తగ్గిన ఇసుకలో తప్పిపోయిన బర్రె కోసం తిరుగుతూ దీన్ని చూసింది తను. తట్టలో మోసుకొచ్చింది తను. "పీనుగ బొక్కలు ఇంట్లకా, దరిద్రపుదానా!" అని అత్త నర్సవ్వ పెంటకుప్పలో పారేయిస్తే, ఏరుకొచ్చి, బ్రష్‌తో తోమి, విరిగిన ముక్కల వరస తప్పకుండా పాతచీరలో చుట్టి మంచం కింద పెట్టింది. మూడేళ్లు ఎవరికీ కనబడలేదు. మంచం కింద ఊడ్చేది తనొక్కతేగా! మొన్న చెప్పు కోసం వంగిన రాకేష్‌కు దొరికింది. 'మా బాయి తవ్వితే నాకు దొరికింది' అని వాట్సాప్‌లో పెట్టేశాడు. "నోరు తెరిసినవనుకో, సూడు మల్ల" అని ముందే హెచ్చరించాడు.

ఆమె చాయ్ తెచ్చేసరికి ఫిర్దోస్ దవడ పళ్ల సందుల్లో సూదితో గీకుతోంది.

"మీ బాయిల ఎర్రమట్టి కదా రాకేష్ గారూ? ఇది నది ఇసుక. సహీ జాగ తెల్వకపోతే గిది ఒట్టి రాయే. మేం తీస్కపోం."

రాకేష్ మొహం మాడింది. "యమునా, చెప్పవే! బాయిల ఎల్లంగ నువ్వు గూడ సూసినవ్ గద?"

"మొగని మాట తీసేస్తే గీ ఇంట్ల ఉండవ్" గుమ్మంలోంచి అత్త గొణిగింది.

అవునంటే ఇల్లు చల్లబడుతుంది. దవడ మళ్లీ పెంటకుప్పకే.

యమున చాయ్ కప్పులు అరుగు మీద పెట్టింది. చెప్పులేసుకుంది.

"గా పేరు చెరిపెయ్యుండ్రి మేడమ్. మీ జీపెక్కుండ్రి, గోదారొడ్డుకు నేను తోల్కపోత. ఈయనను ఎక్కించుకోకుండ్రి. ఈయనకు తొవ్వ తెల్వది."