వాచీ నడిచిన ఏడు కిలోమీటర్లు

మా రోశయ్యంత నడిచినవాడు గుంటూరు, ప్రకాశం జిల్లాలు రెండూ కలిపి వెతికినా దొరకడు. వయసులో ఉండగా కోడి కూయకముందే చిలకలూరిపేట పక్కనున్న మా ఊళ్ళో బయలుదేరి, వాడరేవు దాకా నడిచి, సముద్రంలో కాళ్ళు తడుపుకుని, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని పొద్దుగూకే వేళకి తిరిగొచ్చేవాడు. గుమ్మంలో బుట్ట దించితే చేప ఇంకా తోక ఆడిస్తూనే ఉండేది.

అంతటి మనిషిని పట్టుకుని, ఈ మాఘమాసంలో ఒక చేతి గడియారం నువ్వు నడవలేదు పొమ్మంది.

జరిగిందేమంటే, పేటలో డాక్టరు రోశయ్య బీపీ చూసి పచ్చళ్ళు తగ్గించమన్నాడు, రోజూ ఐదు కిలోమీటర్లు నడవమన్నాడు. నడకకి రోశయ్య భయపడలేదు. పచ్చడి దగ్గరే ప్రాణం విలవిల్లాడింది. మిరప పండించేవాడు ఏడాదికోసారి వచ్చే పండుమిరపకాయ పచ్చడి ముందు చేతులు కట్టుకుని కూర్చోవడమంటే మాటలా. భార్య వెంకటేశ్వరమ్మ జాడీ మూతికి గుడ్డ బిగించి కట్టింది. రెండు రోజులు ఆయన మొహం చూసి, చివరికి ఒక మెట్టు దిగింది.

"ఐదు కిలోమీటర్లు నడిచిన రోజు ఒక్క చెంచా వేస్తా. నడవని రోజు చారు."

నడిచిందీ లేందీ తేల్చడానికి గుంటూరులో చదువుకుంటున్న మనవరాలు హేమశ్రీ ఒక వాచీ పంపింది. బొత్తాం నొక్కి నడిస్తే అది కొలుస్తుంది. కొలత హేమశ్రీ ఫోన్లో పడుతుంది. ఆ పిల్ల సాయంత్రం నాయనమ్మకి చెబుతుంది. ఒక చెంచా పచ్చడికి ఇందరు సాక్షులా అని రోశయ్య గొణిగాడు గానీ, ఒప్పుకున్నాడు.

అవి కళ్ళాల రోజులు. కోసిన మిరపకాయ ఊరి బయట కళ్ళంలో ఎర్రగా పరిచి ఉంది. దాన్ని రోజుకి నాలుగైదుసార్లు తిరగేయాలి. కాయలోకి పాదాలు దూర్చి, ఈడ్చుకుంటూ, నాగలి చాలు తీసినట్టు ఆ కొసకీ ఈ కొసకీ నడవడమే ఆ పని. నడకా అవుతుంది, కాయా ఎండుతుందని రోశయ్య మురిసిపోయాడు. పొద్దుటినుంచీ తిరుగుతూనే ఉన్నాడు. పక్క కళ్ళంలో సుభానీ చూసి చూసి, "ఏరా రోశయ్యా, కాయ ఎండబెడతన్నావా, నువ్వు ఎండుతున్నావా?" అన్నాడు.

"నీకెందుకురా. రాత్రికి నేను పచ్చడి తింటన్నా."

సాయంత్రం హేమశ్రీ ఫోన్ చేసింది. "తాతయ్యా, ఇవాళ కిలోమీటరు కూడా లేదు."

"ఏందే నువ్వు చెప్పేది? మోకాళ్ళు అరిగిపోయినయ్యి నాకు."

"మ్యాపులో ఒక్కచోటే ఉన్నావు. కాకి గూడు కట్టినట్టు పిచ్చిగీతలున్నాయి, అంతే. అది ఉపగ్రహాల్ని బట్టి నువ్వెక్కడున్నావో చుక్కలు పెట్టుకుంటుంది తాతయ్యా. చుక్కా చుక్కా కలిపి దూరం చెబుతుంది. ఆ చుక్క కూడా కాస్త అటూ ఇటూ పడుతుంది. చిన్న జాగాలో వెనక్కీ ముందుకీ తిరిగితే మలుపులన్నీ మింగేస్తుంది."

"మింగేది అదీ, పస్తు నేనా?"

వెంకటేశ్వరమ్మ చారు పోసింది. మర్నాడూ చారే, ఆ మర్నాడూ చారే. మూడో రాత్రి రోశయ్య కంచం ముందు కూర్చుని, "వాడరేవు నడిచొచ్చినోణ్ణి నేను" అన్నాడు.

"నీ ముఖం. పోయింది బస్సులో, వచ్చింది పత్తి లారీలో" అంది ఆవిడ.

ఆ మాట నిజమే. మొదట్లో చెప్పిన నడక ఊరికే ఊపు కోసం చెప్పింది. రోశయ్య వాడరేవు వెళ్ళింది ఒక్కసారి, అదీ కూర్చునే. చేప ఇంటికొచ్చేసరికి వీధంతా ముక్కు మూసుకుంది. అంతమాత్రాన కళ్ళంలో నడక అబద్ధమైపోతుందా?

నాలుగోనాడు ఎండిన కాయ బస్తాలకెత్తి గుంటూరు కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్ళాడు. తన వంతు వచ్చేదాకా అక్కడే నాలుగడుగులు వేద్దామని బొత్తాం నొక్కాడు. కానీ స్లాబు కింద గోడ వారన చల్లగా ఉంది. బస్తాకి ఆనుకున్నాడు, కన్ను మూతపడింది. ఎవరో తట్టి లేపితే లేచి, బొత్తాం మళ్ళీ నొక్కి, కాయ దించి ఇల్లు చేరాడు.

"తాతయ్యా, ఇవాళ ఏడు కిలోమీటర్లు" అంది హేమశ్రీ ఫోన్లో. "రైలు పట్టాలు దాటావు, గోడల్లోంచి దూరిపోయావు. ఏం నడక అది?"

వెంకటేశ్వరమ్మ అప్పటికే జాడీ గుడ్డ విప్పుతోంది. వేడన్నం పొగలు కక్కుతోంది. పచ్చడి వాసన ముక్కుకి తగిలి రోశయ్య నోరు ఊరింది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, చెంచా వచ్చి పళ్ళెంలో పడుతుంది. కానీ మూడు రోజులు చారు పోయించిన వాచీని ఊరికే వదలబుద్ధి కాలేదు.

"ఆగవే. నేను నడవలా. నిద్రపోయా."

"ఏందీ?"

"బస్తాకి ఆనుకుని గురకపెట్టా. నిద్రపోయినోణ్ణి ఏడు కిలోమీటర్లు తిప్పిందిది. కాళ్ళీడ్చినోణ్ణి మూడు రోజులు కూర్చోబెట్టింది. దీని మాట నమ్మి నాకు చారు పోశావు నువ్వు. నేనెవరికి చెప్పుకోను?"

ఫోన్లో హేమశ్రీ నవ్వు ఆపుకోలేకపోయింది. "స్లాబు కింద దానికి ఆకాశం సరిగ్గా అందదు తాతయ్యా. చుక్కలు ఎక్కడెక్కడికో గెంతుతాయి, అన్నిటినీ కలిపేసుకుంది."

వెంకటేశ్వరమ్మ మొగుడి చేతికున్న వాచీ విప్పించి, అరిటాకు ముక్క మీద పెట్టి, దాని ముందు ముద్దన్నం, చెంచా పచ్చడి వడ్డించింది.

"నడిచింది ఇదేగా. తిననీ."

"నెయ్యి కూడా వెయ్యవే" అన్నాడు రోశయ్య. "పట్టాలు దాటి అలిసిపోయుంటది."

వాచీకి విస్తరి వేసిన సంగతి మాత్రం ఈ కథ చెప్పేవాడు కల్పించింది. నిజానికి ఆవిడ చెంచాడు పచ్చడి ఆయన కంచంలోనే వేసి, పైన నువ్వుల నూనె పోసి, "రేపటినుంచి పొలాల డొంక వెంబడి నాతో నడువు, నేను చూస్తా" అంది. ఇక ఆ నెయ్యి మాటంటారా, అదీ రోశయ్యది కాదు. నోటినిండా పచ్చడన్నం పెట్టుకున్నవాడు అన్నన్ని మాటలు ఎక్కడాడతాడు.