మామ్మ దాచుకున్న ఫోటో

గుండె ఆపరేషన్‌కు ఇంకా రెండు రోజులున్నాయనగా, తను పోయాక ఇంట్లో పోయిన పెద్దల పూజాపీఠం మీద పెట్టడానికి థోవా మామ్మ తీయించి దాచుకున్న ఫోటో బీరువాలోంచి మాయమైంది.

తాళం పగల్లేదు. నగలున్నాయి. పట్టుబట్టల మడత చెదరలేదు. ఫ్రేముతో సహా ఫోటో ఒక్కటే లేదు.

"అది దొరికితేనే ఆసుపత్రి," అని మామ్మ మంచం మీద చతికిలబడింది. "మా అక్క పోయినప్పుడేం చేశారు? గుర్తింపు కార్డు ఫోటో పెద్దది చేయించారు. ముప్పై ఏళ్లుగా బుగ్గ మీద సర్కారు ముద్రతోనే ధూపం అందుకుంటోంది!"

మొగుడు ఖాయ్ మంచం కింద వెతికాడు. బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూశాడు.

"ఇంక దొరకదే. కొత్తది తీయించుకుందాం పద."

వియత్నాంలోని ఆ హ్యూ నగరంలో, నది ఒడ్డున పెళ్లికూతుళ్లకు ఫోటోలు తీసే విన్‌ను మర్నాడు ఉదయం ఏడింటికే పట్టుకున్నారు. మామ్మ ఎండలో నిటారుగా నిలబడి పళ్లు బిగించింది.

"పోలీసులు పట్టుకొచ్చినట్టు ఆ నిలబడ్డమేంటి మామ్మా?" అన్నాడు విన్.

"పీఠం మీద పళ్లికిలించమంటావా? మనవలకు భయముండొద్దూ?"

విన్ ఆమెను చెట్టునీడ అంచుకు తెచ్చి, నదివైపు తిప్పి కూర్చోబెట్టాడు. ఆమె ఆకుటోపీని వెల్లకిలా ఒళ్లో పెట్టాడు. టోపీ లోపలి తెలుపు మీంచి వెలుతురు ముఖానికి ఎగసింది. కళ్ల కింది గుంటలు, మెడ మీది ముడతలు మెత్తబడ్డాయి. పెదవులు మాత్రం వీడలేదు.

"ఏవయ్యా, వెనక నక్కి ఏం చూస్తున్నావ్?" అంది మొగుణ్ణి.

"పెళ్లికి ముందు ఇక్కడే కదా నా సైకిల్ని నదిలోకి తోశావ్. అందుకే ఇవాళ చెట్టుకి కట్టేశా."

"తోయలేదు, అదే జారింది!" మామ్మ ఫక్కున నవ్వింది.

క్లిక్.

కెమెరా తెరను మామ్మ చాలాసేపు చూసింది. "బాగానే ఉన్నానే! సరే, ఇంటికెళ్లి ఆసుపత్రికి బట్టలు సర్దుదాం," అంది.

లేచేసరికి సైకిల్ బుట్టలో గుడ్డ చుట్టిన చదరపు మూట కనిపించింది. లాగి విప్పింది. లోపల, పళ్లు బిగించి, తనే.

"ఏంటయ్యా ఇది?"

ఖాయ్ తల గోక్కున్నాడు.

"బీరువాలోంచి నేనే తీశానే. నువ్వు ముందు పోతే పొద్దునా సాయంత్రం దాని ముందు ధూపం వెలిగించాల్సింది నేనేగా? అప్పుడు కూడా ఆ కోపం మొహమే చూడాలా? ఫ్రేము మంచిదని పారేయలేక తెచ్చా, కొత్తది ఇందులో పెట్టిద్దామని. కానీ బీరువాలో దాచొద్దే. ముందుగదిలో తగిలిస్తా. ఆపరేషన్ చేయించుకొచ్చి నువ్వే రోజూ చూసుకో."