మస్కట్ సోమలింగం

సూరత్‌లోని పర్వత్ పాటియాలో నవత వాళ్లు అద్దెకుంటున్న ఇల్లు సోమలింగానిది. మనిషి ఉండేది మస్కట్‌లో, పెత్తనం మాత్రం సూరత్‌లో. నేతవాళ్ల సంఘం గోడమీది దాతల రాతిపలకలో తన పేరు "మస్కట్ సోమలింగం" అని పెద్దక్షరాల్లో చెక్కించుకున్నాడు. ఉత్త సోమలింగం అంటే పలికేవాడు కాదు.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలం అది. నవత మొగుడు నరహరి రైల్వేలో గుమాస్తా. ఆడిటర్‌తో మాట్లాడి ముఖం వేలాడేసుకొని వచ్చాడు. ఇంటాయన విదేశంలో ఉంటే అద్దెలో మూడోవంతు దాకా పన్ను పట్టుకొని సర్కారుకు కట్టాల్సింది అద్దెకున్నవాళ్లేనట. లేకుంటే అది వాళ్ల మెడకే చుట్టుకుంటుందట.

నవత మస్కట్‌కు ఫోన్ చేసింది. "అన్నా, పన్ను పట్టుకొని మిగిలింది పంపుతం. నీ పేరు మీదనే కడతం. నువ్వు లెక్క చూపిస్తే ఎక్కువ పట్టింది వాపస్ వస్తది."

"నా భాడాల, నాకొచ్చే కిరాయిల చెయ్యి పెడతవా? నేను సూరత్ మనిషిని. కిరాయి కాయితంల ఈడి లింబాయత్ అడ్రసే ఉన్నది, చూస్కో!"

"ఉండేది మస్కట్ల గదా?"

"సుట్టపుచూపుకు వచ్చిన. పైసా తక్కువైతే మీ సామాను రోడ్డు మీదుంటది. ఈ బీమారీల మిమ్ముల ఎవడు రానిస్తడో నేను గూడ చూస్త!"

నవతకు ఒళ్లు మండిపోయింది. అత్త బుచ్చవ్వ కరోనాతో పడి లేచి ఇంకా గోడ పట్టుకొనే నడుస్తోంది. దగ్గు వినిపించిన ఇంటికి పాలవాడు కూడా రాని రోజులు, కొత్తగా ఇల్లెవరిస్తారు? అది తెలిసే అన్నాడా పాపిష్టివాడు.

"పోనీ, మొత్తం ఇచ్చేద్దాం తీ" అని నసిగాడు నరహరి.

"వానికో మారు, సర్కారుకో మారు కడదామా? నువ్వు సప్పుడు చెయ్యకు."

ఆమె సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క రాసింది: "సోమలింగమన్న సూరత్‌లనే ఉంటడట. మస్కట్‌కు సుట్టపుచూపుకు పోయిండట. రాయి మీద మస్కట్ అని తప్పు పడ్డది, పెద్దలు గీకేయించాలె."

గ్రూపంతా నవ్వుల బొమ్మలే. సోమలింగానికి కోపం నషాళానికంటింది. ఆ గ్రూపులోనే రాశాడు:

"ఏండ్ల సంది మస్కట్లనే ఉంటున్న! నా పేరు ముట్టేటోడు ఎవడ్రా? నవతా, నెలాఖరుకు నా ఇల్లు ఖాళీ చెయ్!"

నరహరి చివరి మాట చదివి వణికాడు. నవత మొదటి మాట దగ్గరే ఆగి, దాన్ని ఫొటో తీసుకొని అతనికే పంపింది. "ఈ మాట నీ నోటిదే అన్నా. ఇగ కోర్టుకు పోయి ఖాళీ చేయించు, అక్కడ ఇదే చూపిస్త. ఇన్నేండ్ల భాడాకు పన్ను కట్టినవా అని వాళ్లే అడుగుతరు."

ఫోన్ వచ్చింది. గొంతు సన్నబడింది. "చెల్లే, జర..."

"నేను నీకు చెల్లెను గాను, కిరాయిదారును" అని పెట్టేసింది.

ఆ నెల అద్దె పన్ను పోగా మిగిలిందే వెళ్లింది. ఖాళీ మాట మళ్లీ రాలేదు.

బుచ్చవ్వ తేరుకున్నాక మొదటిసారి సంఘానికి తీసుకుపోతే, రాతిపలక మీద ఒకచోట కొత్తగా గీకిన తెల్లటి మచ్చ కనిపించింది. సోమలింగమే ఫోన్ చేసి గీకించాడట. దాని పక్కన మిగిలింది ఉత్త సోమలింగం.