మేమా, మనమా

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. వసారాలో మంచం మీద నాయనమ్మ, కుట్టుమిషన్ ముందు అత్త, గుమ్మం దగ్గర చెప్పుల కోసం వెతుక్కుంటూ నాన్న, వంటగది తలుపు వెనక గుసగుస. అమ్మ ఆసుపత్రిలో పగటి డ్యూటీకి పోయింది కాబట్టి లెక్కలోకి రాదు. ఐదో మనిషి మధ్యాహ్నం వచ్చింది, ఎవరూ పిలవకుండానే.

గుసగుస అసలు పేరు కాదు. ఆ పిల్ల ఏం చెప్పినా పక్కవాళ్ళ చెవి దాకా కూడా చేరదని అత్త పెట్టిన పేరు. "దీని నోట్లోంచి మాట రాబట్టడం కంటే బావిలో పడ్డ చేదని తీయడం తేలిక," అని అత్త నవ్వేది. పదో తరగతికొచ్చినా అంతే. ఊళ్ళో బడిలో పరాయి భాష పాఠం అప్పజెప్పమంటే పెదవులు కదిలేవి గాని గొంతు వినపడేది కాదు. పరీక్షలో మాత్రం మాస్టారు అనుమానపడి పక్కకి పిలిచి అడిగేటన్ని మార్కులు వచ్చేవి.

వాళ్ళ ఇల్లు పాత కాటా యార్డు గోడకి ఆనుకుని ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పంట తెచ్చి తూకం వేయించుకునే చోటు అది. నాయనమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, తూకంలో మోసం జరుగుతోందని జనం అక్కడ గుమిగూడారు. అప్పట్లో దేశాన్ని ఏలుతున్నది సముద్రం అవతలివాళ్ళు. వాళ్ళ సిపాయిలు గేటుకి గొలుసు వేసి, గోడ మీదికెక్కి, లోపలివాళ్ళని కాల్చారు. ఇప్పుడది స్మారకం. పచ్చగడ్డి, సిమెంటు బాట, పేర్లు చెక్కిన నల్లరాతి పలక, తూటాలు దిగిన గోడ. దానికి కాపలాదారు నాన్న. గేటు తీయడం, మూయడం, ఊడ్వడం ఆయన పని. తూటా గుంతల్లో కందిరీగలు మట్టిగూళ్ళు కడితే సన్నటి పుల్లతో తవ్వి తీసేయడం కూడా. "గుంతని గుంతలాగే ఉంచడానికి నాకు జీతం," అంటాడు ఎవరైనా అడిగితే.

పలక మీద చిట్టచివర ఉన్నది పేరు కాదు. "ఒక బాలుడు" అని ఉంటుంది. ఆ బాలుడు నాయనమ్మ తమ్ముడు. వాడి పేరు తెలిసినవాళ్ళలో సగం మంది ఆ గోడ లోపలే పోయారు, మిగిలినవాళ్ళు ముసలివాళ్ళయి పోయారు. ఇప్పుడు భూమ్మీద నాయనమ్మ ఒక్కదానికే తెలుసు. ఆమె చెప్పదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. కాల్పులయ్యాక అధికారులు ఇంటింటికీ వచ్చి పోయినవాళ్ళ పేర్లు అడిగారట, తొక్కిసలాటలో చనిపోయారని రాసుకోవడానికి. నాయనమ్మ తల్లి కొడుకు పేరు ఇవ్వలేదు. "చేసినవాళ్ళలో ఒకరు వచ్చి, మేమే చేశామని మన మొహం మీద చెప్పిన రోజు చెప్పు. అప్పటిదాకా ఆ పేరు గడప దాటకూడదు," అని కూతురి చేత ఒట్టు వేయించుకుంది.

పలక మీది అక్షరాలు అరిగిపోయాయి. వచ్చే వారం రాయి చెక్కేవాడు వస్తున్నాడు. నాన్న ఆ మాట పట్టుకుని వదలడం లేదు.

"ఈసారైనా చెప్పవే అమ్మా. నువ్వు పోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"నేను పోతే నా ఒట్టు నాతో పోతుంది. మధ్యలో నీకేం బరువురా?"

నాన్నకంటే ఎక్కువగా ఆ పేరు కావలసింది గుసగుసకి. ఆదివారాలు పలక తుడిచేది ఆమే. పై నుంచి ఒక్కొక్క పేరూ చదువుకుంటూ తుడిచేది. "ఒక బాలుడు" దగ్గరికి వచ్చేసరికి, అటు తిరిగి నిలబడ్డ పిల్లాడి వీపు తుడుస్తున్నట్టు ఉండేది. ఇటు తిప్పుదామంటే ఏమని పిలవాలి?

మధ్యాహ్నం నాన్న గేటు దగ్గర్నుంచి ఒకావిడని వెంటబెట్టుకుని వచ్చాడు. నడివయసు మనిషి. తల మీద వెడల్పాటి టోపీ, వీపున సంచి, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ ముక్కు.

"గోడ కింద కూలబడిపోయింది. నీళ్ళిచ్చాను. ఆ దేశం మనిషే. తాత సిపాయి అంటోంది, ఆ తర్వాత ఇంకేదో చెప్తోంది, నాకు ఎక్కలేదు," అన్నాడు నాన్న. ఆయనకి వాళ్ళ భాషలో టికెట్టు, ఫోటో, మూసేశాం అనే ముక్కలు తప్ప ఏమీ రావు. "గుసగుసా! ఎక్కడున్నావే? ఇటు రా!"

అత్త మిషన్ మీంచి తల ఎత్తింది. "టోపీ ఆవిడ నెత్తి మీదే ఉంది, నయం. వాళ్ళు ఎప్పుడూ మనకే పెట్టేవాళ్ళు."

"నువ్వు నోరు మూసుకుని ఆ బొత్తాలు కుట్టు," అంది నాయనమ్మ. లేచి కూర్చుని, కొంగు సర్దుకుంది. "కూర్చోమను ఆవిడ్ని."

వచ్చినావిడ టోపీ తీసి స్టూలు మీద కూర్చుంది. గుసగుస మంచానికీ స్టూలుకీ మధ్య నిలబడింది. ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టగానే ఒక చిత్రం జరిగింది. పుస్తకంలో పడుకుని ఉండే మాటలన్నీ లేచి కూర్చున్నాయి. ప్రతి మాటా అర్థమవుతోంది! గుసగుస గొంతు తనకే కొత్తగా వినపడింది.

"వాళ్ళ తాత ఈ గోడ మీద నిలబడ్డవాళ్ళలో ఒకడట నాయనమ్మా. ఇంట్లో ఎప్పుడూ ఆ ఊసెత్తలేదట. పోయే ముందు ఒకసారి అన్నాడట, గేటు మూసి ఉందని మాకు తెలుసు అని. అందుకని చూడ్డానికి వచ్చిందట."

నాయనమ్మ ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది. నాన్న గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు. గూళ్ళు తీసే పుల్ల ఇంకా చేతిలోనే ఉంది.

"అడుగు," అంది నాయనమ్మ. "ఇక్కడ ఆ పని చేసింది ఎవరో ఆవిడ నోటితో చెప్పమను."

గుసగుస అడిగింది. ఆవిడ తల దించుకోలేదు. వెంటనే, చిన్న వాక్యంలో చెప్పింది. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట అదే. గుసగుస బడిలో నేర్చుకున్నది నేర్చుకున్నట్టు గబుక్కున అప్పజెప్పింది.

"మనమే చేశాం, అంటోంది."

మిషన్ ఆగిపోయింది.

"మనమా?" అంది నాయనమ్మ. "ఎవరు, నేనా? మీ నాన్నా? ఆ మిషన్ ముందు కూర్చున్న మీ అత్తా? మనలో ఎవరే కాల్చింది?"

"నేనైతే పుట్టనే లేదు, నన్ను ఇరికించకండి," అంది అత్త.

గుసగుసకి అప్పుడు తట్టింది. వాళ్ళ భాషలో ఆ మాట ఒక్కటే. ఎదుటివాళ్ళని కలుపుకున్నా అదే, కలుపుకోకపోయినా అదే. మాస్టారు బోర్డు మీద దానికి ఎదురుగా "మనము" అని రాశారు, పిల్లలందరూ అదే వల్లె వేశారు. "కాదు నాయనమ్మా, తప్పు నాది. మేము అనాలి. మేమే చేశాం అంటోంది ఆవిడ."

"తప్పు ఆవిడదా, నీదా?"

"నాదే. నా మీద ఒట్టు."

ఏమైందని ఆవిడ కంగారుగా అడిగింది. గుసగుస ఆవిడ భాషలో విడమరిచి చెప్పింది. మా భాషలో రెండున్నాయి. ఎదుటివాళ్ళు లేకుండా అయితే మేము. ఎదుటివాళ్ళు కూడా ఉంటే మనం. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "మేము. మనం," అని పలికి చూసుకుంది. రెండోది మళ్ళీ ఒకసారి పలికి, ఎంత మంచి మాటో, మాకు లేదే, అంది. ఆ చివరి ముక్క గుసగుస నాయనమ్మకి చెప్పలేదు. అంత అవసరమైనదిగా తోచలేదు.

"మళ్ళీ చెప్పమను," అంది నాయనమ్మ.

ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మేము" అని తెలుగులోనే అంది. మిగతాది వాళ్ళ భాషలో చెప్పింది. గుసగుస ఈసారి ఆచితూచి అంది. "మేము చంపాం."

నాయనమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నారు గాని ఏడవలేదు. తనే చెప్పడం మొదలుపెట్టింది.

"మా అమ్మ నన్నూ వాణ్ణీ వెంటబెట్టుకుని వెళ్ళింది. మా నాన్న బండి లోపలుంది. ఆయన కోసం. కాల్పులు మొదలవగానే మా అమ్మ నన్ను కింద పడేసి మీద పడుకుంది. తమ్ముడు చెయ్యి జారిపోయాడు. గోనె సంచుల చాటున పడుకున్నాడు, నాకు కనపడుతున్నాడు. కిక్కురుమనలేదు. నా వంక చూసి నవ్వాడు కూడా, దాగుడుమూతలు అనుకున్నాడో ఏమో."

గుసగుస ఒక్కో వాక్యం అటు అందిస్తోంది. ఆవిడ చేతుల్లో టోపీ నలిగిపోతోంది.

"తర్వాత మోత ఆగింది. అయిపోయిందనుకుంది మా అమ్మ. వాణ్ణి పేరు పెట్టి పిలిచింది. ఒక్కసారే. పిలిస్తే పలకాలని తనే నేర్పింది కదా. వాడు లేచి నిలబడ్డాడు."

అత్త దారం కొస పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"వాళ్ళు తుపాకుల్లో తూటాలు నింపుకుంటున్నారంతే, అప్పటికి అయిపోలేదు," అంది నాయనమ్మ. "ఆ తర్వాత మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ఎవర్నీ పేరు పెట్టి పిలవలేదు. నన్ను ఏమే అనేది. దూడని కూడా హేయ్ అనేది."

తర్వాత నాన్న వైపు తిరిగింది. "ఆ పలక మీద చోటుందా?"

నాన్న చేతిలో పుల్ల కింద పెట్టాడు. "ఉందమ్మా. చాలా ఉంది."

"చాలా ఎందుకురా. రెండక్షరాలే."

నాయనమ్మ పెదవులు తడుపుకుంది. ఆ పెదవులు ఎలా ముడుచుకుంటాయో, ఏ అక్షరానికి విడతాయో చూస్తూ గుసగుస ఆ పక్కన ఇంకో మనిషి ఉందన్న సంగతే మరిచిపోయింది.

అప్పుడే ఆవిడ స్టూలు మీంచి జారి మోకాళ్ళ మీద కూర్చుంది. నాయనమ్మ చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుని ఏడుస్తూ మాట్లాడింది. వాడు మీ ఒక్కరి బిడ్డ కాదు, అందరి బిడ్డ, అంది. ఆ రోజు అందరం పోగొట్టుకున్నాం, అంది. మా తాత కూడా మనసులో ఆ గోడ మీంచి మళ్ళీ దిగలేదు, ఈ గాయం మీదీ మాదీ ఒకటే, అంది. మాట్లాడుతూ చెయ్యి గుండ్రంగా తిప్పింది. తనని, నాయనమ్మని, గుసగుసని, అత్తని, గుమ్మంలో ఉన్న నాన్నని కలిపి.

గుసగుసకి ప్రతి మాటా అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది. ఆవిడ అన్నది ఆ రెండింటిలో ఏ మాటో ఈసారి అనుమానమే లేదు. అలాగే చెప్తే నాయనమ్మ నోట్లో ఉన్న రెండక్షరాలు వెనక్కి పోతాయి. ఎప్పటికీ పోతాయి.

"ఏమంటోంది?" అంది నాయనమ్మ.

"మీ తమ్ముణ్ణి చంపినందుకు... మేము తలెత్తుకోలేకపోతున్నాం, అంటోంది."

"అంత పొడుగు మాటకి ఇంతేనా?"

"అంతే నాయనమ్మా."

"మరి చెయ్యి అందరి చుట్టూ తిప్పింది ఎందుకు?"

"వాళ్ళ అలవాటు. మాట్లాడుతూ తిప్పుతారు."

తను చెప్పింది చేరలేదని ఆవిడకి తెలిసిపోయినట్టుంది. తడిసిన మొహంతోనే నవ్వింది. నాయనమ్మ చెయ్యి ఇంకొంచెం గట్టిగా పట్టుకుని, నేర్చుకున్న మాటని శుభ్రంగా, తప్పు లేకుండా పలికింది.

"మనం."

నాయనమ్మ చూస్తూ ఉంది.

"మనం," అంది ఆవిడ మళ్ళీ, తల ఊపుతూ.

నాయనమ్మ తన చెయ్యి వెనక్కి తీసుకుంది. విసురుగా కాదు, మెల్లగా, ఒక్కో వేలూ విడిపించుకుంటూ. "ఒరే, ఆవిడ్ని గేటు దాకా దిగబెట్టిరా. ఎండగా ఉంది, టోపీ పెట్టుకోమను."

నాన్న తల్లి మొహం చూసి లేచాడు. ఆవిడ లేచి, వంగి, ఏదో అంది. కృతజ్ఞతలు. దాన్ని తెలుగులోకి మార్చమని ఎవరూ అడగలేదు. వాళ్ళిద్దరూ సిమెంటు బాట మీద నడిచి వెళ్ళిన చప్పుడు వినపడింది.

"ఆ మాట ఆవిడకి ఎవరు నేర్పారు?" అంది నాయనమ్మ.

"నేనే."

"ఇందాక ఆవిడ ఏడుస్తూ అన్నది కూడా అదేనా?"

గుసగుస తల ఊపింది.

"నోటితో చెప్పు. ఇప్పుడు వస్తోందిగా మాట."

"అదే."

"మరి ఎందుకు మార్చావు?"

"నువ్వు పేరు చెప్తావని."

"పోనీలేమ్మా, చిన్నపిల్ల, మంచికే కదా చేసింది," అంది అత్త. ఆమె గొంతులో వెటకారం లేదు.

"తొక్కిసలాట అని రాసుకున్నవాడు కూడా ఏదో ఒక మంచికే రాసుకుని ఉంటాడు," అంది నాయనమ్మ.

మంచం కోడు పట్టుకుని లేచింది. గుసగుస పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపింది. గోడ ఆసరాగా తన గది దాకా నడిచింది. గుసగుస వెనకే వెళ్ళింది.

"రాయి మీద వద్దు నాయనమ్మా. నాన్నకి కూడా వద్దు. నాకొక్కదానికి చెప్పు. రెండక్షరాలేగా. ఎవరికీ చెప్పను."

ఇంత పెద్దగా ఆ పిల్ల ఎప్పుడూ మాట్లాడలేదు. వీధిలో పోయేవాళ్ళకి కూడా వినపడి ఉంటుంది. నాయనమ్మ గది లోపల నిలబడి, తలుపు రెక్క మీద చెయ్యి వేసి, మనవరాలి వంక చూసింది. కోపంగా కూడా లేదు ఆ చూపు. ముక్కూ మొహం తెలియనివాళ్ళని చూసినట్టుంది.

"నీకు చెప్తే, రేపు అది నీ నోట్లోంచి ఏమై వస్తుందో నాకేం తెలుసు?" అంది. తలుపు వేసి, లోపల గడియ పెట్టుకుంది.